దిగని చెయ్యి

చుల్లుంకాని అనే కొండ ఊరి బడిలో పిల్లలకి జావ కాచే పని తల్లులది, వంతులవారీగా. ఆ వారం వంతు దోన్యా బాసిలియాది. తల్లిదండ్రుల సంఘానికి పెద్ద కూడా ఆవిడే. కినువా జావ కలుపుతూనే, ఎవరెవరు మొహం కడుక్కోకుండా వచ్చారో చూసి పేరుపేరునా చివాట్లు పెట్టేది. పిల్లలు తాగి లోపలికి వెళ్ళాక అదే వరండాలో పెద్దల సభ.

ఆ సభలో చెయ్యెత్తడం ఆషామాషీ కాదు. మనసులో లేని మాటకి ఎత్తిన చెయ్యి, మనసు ఒప్పుకునేదాకా కిందికి దిగదు. బడి కప్పుకి రేకులు మోసుకొస్తానని దోన్ సెల్సో ఎత్తిన చెయ్యి కిందటేడు కోతలైపోయేదాకా అలాగే ఉండిపోయింది. మేనకోడలి పెళ్ళిలో ఆ చెయ్యెత్తుకునే చిందేశాడు. పక్కవాళ్ళు కాస్త ఎడంగా ఆడారు, అంతే.

ఆ రోజు టీచరు ఒఫేలియా అడిగింది ఒక్కటే. ఆరో తరగతిలో ఇంకొక్కరు తగ్గినా ఆ తరగతి ఎత్తేస్తారట. ఏడాది చివరిదాకా పిల్లల్ని మానిపించం అని ఎవరెవరు మాటిస్తారు?

అందరి చేతులూ లేచాయి. హిలారియో చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. అంతమందిలో తనొక్కడూ ముడుచుకు కూర్చోవడానికి అతనికి సిగ్గేసింది. తర్వాత చేతులన్నీ దిగాయి. అతనిది దిగలేదు.

కూతురు నెలిదాని వారానికొకసారి వచ్చే గురువారం బస్సులో లా పాస్ నగరానికి పంపేయాలని అతను అప్పటికే నిశ్చయించుకున్నాడు. అక్కడ మేనత్త ఎవరింట్లోనో పనికి కుదిర్చింది. తల్లి పోయిన పిల్ల, పన్నెండేళ్ళది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెయ్యి ఊరందరికీ చెప్పేసింది.

చొక్కా విప్పలేక అలాగే పడుకునేవాడు. నెలిదా సూప్ గిన్నె పట్టుకుంటే ఎడమచేత్తో తాగేవాడు. ఆ పిల్ల వెళ్ళనని అనలేదు. లోలోపల కుమిలిపోతూనే బట్టలు మూటకట్టుకుంది.

గురువారం పొద్దున్న తండ్రీకూతుళ్ళు రోడ్డెక్కేసరికి టీచరుతో సహా సంఘమంతా అక్కడే ఉంది. దూరాన బస్సు దుమ్ము కనిపిస్తోంది.

"నా పిల్ల, నా ఇష్టం," అన్నాడు హిలారియో, ఎవరూ ఏమీ అనకముందే.

"నీ పిల్లే తమ్ముడూ, కాదన్నదెవరు?" అంది బాసిలియా. "ఇంట్లో ఏది లేదో చెప్పు."

"అన్నీ ఉన్నాయి."

"అన్నీ ఉంటే ఆ చెయ్యి ఎప్పుడో దిగేది."

బస్సు ఆగింది. నెలిదా మెట్టెక్కింది. అప్పుడు హిలారియో నేల చూస్తూ చెప్పాడు. మంచుకి చేలో దుంపలన్నీ మాడిపోయాయని, విత్తనానికి కూడా మిగల్లేదని, ఇంట్లో ఉన్న ఎండుదుంపలు ఇద్దరికి చాలవని.

బాసిలియా బస్సుకి అడ్డంగా నిలబడి, సభలో అడిగినట్టే అడిగింది. "వీళ్ళ చేలోకి విత్తనం ఎవరిస్తారు? పంట చేతికొచ్చేదాకా ఈ ఇంటి తిండి ఎవరు చూస్తారు?"

చేతులు లేచాయి. హిలారియో నమ్మలేదు. సిగ్గుకొద్దీ లేచే చెయ్యి ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఒక్కో చేతినీ చూస్తూ నిలబడ్డాడు. బాసిలియా చెయ్యి దిగింది. టీచరుది దిగింది. ఒక్కొక్కటే అన్నీ దిగాయి, దోన్ సెల్సోది తప్ప. అందరూ అతని వంక చూశారు.

"పుచ్చు దుంపలు అంటగడదామనుకున్నాలే," అని గొణిగాడు సెల్సో. "సరే, మంచివే ఇస్తాను."

అతని చెయ్యి టప్పున కిందపడింది.

ఎక్కుతున్నట్టా లేనట్టా అని డ్రైవరు విసుక్కున్నాడు. హిలారియో కుడిచెయ్యి దానంతటదే దిగివచ్చి, మెట్టు మీదున్న నెలిదా భుజం పట్టుకుని రోడ్డు మీదికి దించింది.