నవరత్న కాలనీ వెనక గేటు

నేను ఒక చిన్న ఇనుప గేటును. సికింద్రాబాదు శివారులో, నవరత్న కాలనీ పార్కుకు వెనకవైపు ఉండేదాన్ని. పాత కిటికీల ఊచలు ఏరి ఒక రాజస్థానీ వెల్డరు నన్ను అతికించాడు. అందుకే నా ఊచలకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. కాలనీ కూడా అంతే. రైల్వే ఉద్యోగాలకని వచ్చి స్థిరపడ్డ తమిళులు, మరాఠీలు, ఒడియావాళ్ళు, వెనక బస్తీలో ఉర్దూవాళ్ళు, అందరి మధ్యా తెలుగువాళ్ళు. నా కొక్కేనికి చున్నీయో పంచెయో చిక్కిన ప్రతిసారీ తిట్టేవారు కనక నాకు ఐదు భాషల్లో తిట్లు వచ్చు.

నాకు ఇవతల బస్తీ, పార్కు దాటితే బస్టాపు. బడిపిల్లలు నన్ను తోసుకుని, పచ్చికలో తమ కాళ్ళతో వేసుకున్న బాటమీదుగా పరుగెత్తి బస్సు ఎక్కేవాళ్ళు. ఆ బాట సంఘం కార్యదర్శి వరదరాజన్ గారికి కంట్లో నలుసు. ఆయన రిటైరైన రైల్వే గార్డు, ఉద్యోగమంతా పచ్చజెండా ఊపిన మనిషి. చెడ్డవాడని అనలేను. పార్కులో జామకాయలు కోసి ఆ పిల్లలకే పంచేవాడు. కానీ ఉత్తమ పార్కు పోటీ వచ్చిపడింది. బాటమీద కొత్త గడ్డి పరిపించి, నాకు తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నాడు.

పదో తరగతి లెక్కల పరీక్ష రోజు సబీహా పరుగున వచ్చి నన్ను కుదిపింది. పార్కులో మొక్కలకు నీళ్ళు పట్టే, అందరూ నానీ అని పిలిచే అమ్మమ్మకు మనవరాలు ఆ పిల్ల. లోపల వరదరాజన్ గారూ లాఫింగ్ క్లబ్బువాళ్ళూ పొద్దుటి వ్యాయామంగా చేతులెత్తి నవ్వుతున్నారు.

"అంకుల్, జర తాళం తీయండి! బస్సొస్తున్నది!"

ఆయన నవ్వు ఆపకుండానే చెయ్యి ఊపాడు. "రోడ్డుమీదుగా వెళ్ళమ్మా. కొత్త గడ్డి."

బస్సు వెళ్ళిపోయింది. ఆలస్యమైందని పరీక్షకు కూర్చోనివ్వలేదట. ఇనుముకు సిగ్గేమిటంటారేమో, నాకు నిజంగా సిగ్గేసింది.

పార్కుకు మొదటి బహుమతి వచ్చింది. సన్మానం ముగించుకుని వరదరాజన్ గారు పార్కుకు రాగానే నానీ పైపు లాగుతూ, "మా పిల్ల మొద్దు నిద్రపోయి పరీక్ష పోగొట్టుకుంది సార్," అని వాపోయింది. పక్కనే ఉన్న సబీహా తల వంచుకుంది. నానీ కుళాయి దగ్గరికి వెళ్ళాక ఆయన గొంతు తగ్గించి, "నిజం ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"చెప్తే నానీ మీతోని కొట్లాడ్తది. పని పోతది అంకుల్. జూన్‌ల మళ్ళ రాస్తలే."

ఆయన మెడలో ఇంకా సన్మానపు శాలువా ఉంది. అది తీసి చేతిలో ముద్దగా పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. నానీ తిరిగొచ్చేసరికి లేచి ఇంటిదారి పట్టాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని తెల్లారేసరికి ముఖం చూస్తేనే తెలిసింది.

మనిషిని పిలిపించి నన్ను ఊడపీకించాడు. పాత సామాన్ల బండిమీదికి ఎక్కిస్తుంటే క్లబ్బువాళ్ళు చుట్టూ మూగారు.

"గేదెలొచ్చి గడ్డంతా తినేస్తాయి సార్!"

"తిననీండి," అన్నాడు వరదరాజన్ గారు, అందరికీ వినపడేలా. "తాళం తీయమని సబీహా అరిచింది. విన్నాను. తీయలేదు. ఆ పిల్ల పరీక్ష మింగినవాణ్ణి నేను. గేదెలు గడ్డేగా తినేది?"

పైపు పట్టుకున్న నానీ మనవరాలి వైపు తిరిగింది. అంతలో బండి కదిలింది. ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు.