అచ్చుల మధ్య సందు

జావాలోని మా పెకలోంగన్ ఊరి బాతిక్ కార్ఖానాలో రాగి అచ్చుతో గుడ్డ మీద రంగు అంటకూడనిచోట మైనం అద్దేది మగవాళ్ళు. వాళ్ళకు రోజుకు తొంభై వేల రూపియాలు. అచ్చుకూ అచ్చుకూ మధ్య వాళ్ళు వదిలేసిన సందుల్ని మైనపు కలంతో పూడ్చేది మేము, పన్నెండుమంది ఆడవాళ్ళం. మాకు నలభై ఐదు వేలు. అదేమంటే అచ్చు బరువట! ఇరవై రెండేళ్ళుగా ఇదే మాట. అంతకన్నా బరువుండే మనవరాలిని రోజూ చంకనేసుకుంటాను, దానికి నాకెవరూ కూలి ఇవ్వలేదు.

పెళ్ళిళ్ళ నెలకి పెద్ద ఆర్డరు వచ్చింది. యజమాని మస్రూరీ ముందు నిలబడి, మాకూ తొంభై ఇమ్మన్నాను.

“ఏం పోనిరా, సందులు పూడ్చడం కూడా ఒక పనేనా? కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసేదేగా!” అన్నాడాయన.

అచ్చులు వేసే తార్జో కిసుక్కున నవ్వాడు. “నీకు తొంభై ఇస్తే నాకు నూట ఎనభై ఇవ్వాలక్కా!”

నాకు ఒళ్ళు మండింది. “పని కాదన్నారుగా. అయితే మానేస్తాం,” అన్నాను. అనేశాకే గుర్తొచ్చింది, ఉన్న కూలి కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ రోజు తార్జో అద్దిన గుడ్డల్ని మేం ముట్టలేదు. యజమానికి పంతం వచ్చింది. ఆరు గుడ్డల్ని అలాగే నీలిరంగు తొట్టిలో ముంచమన్నాడు.

మైనం వదిలించి ఆరేస్తే, ప్రతి సందులోనూ రంగు దూరిపోయి ఉంది. పూలన్నీ కటకటాల వెనక పడ్డట్టున్నాయి.

“ఏమిట్రా తార్జో ఇది?”

“ఎప్పుడూ వేసినట్టే వేశానండీ!” అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

మస్రూరీ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “నీకు తొంభై ఇస్తాలే. మిగతావాళ్ళకి చెప్పకు తల్లీ.”

నేను వెనక్కి తిరిగి అరిచాను. “అమ్మాయిలూ! తొంభై ఇస్తారట! నా ఒక్కదానికేనట! ఏమంటారు?”

ఒక్కరూ కలం పట్టుకోలేదు. మాలో తుమినీ అయితే తాపీగా ఇంకో గ్లాసు టీ పోసుకుంది.

అద్దిన గుడ్డలు ఇంకా రెండొందలున్నాయి. మస్రూరీ తల గోక్కున్నాడు. “సరే, పన్నెండుమందికీ ఇస్తాను.”

“నాకు కాదు, అచ్చుల బల్లల దగ్గరికెళ్ళి చెప్పండి.”

వెళ్ళాడు. గొంతు సవరించుకుని మగవాళ్ళందరి ముందూ చెప్పాడు. “ఇవాళ్టి నుంచి ఆడవాళ్ళకీ తొంభై వేలే.”

నాకు మొదటిసారే వినపడింది. అయినా వినపడలేదని చెప్పి, ఇంకోసారి చెప్పించుకున్నాను.