ఒట్టు తప్పిన పోలీసు

మా మూకీ బొమ్మల్లో మాట వినిపించదు కాబట్టి నోటికొచ్చింది అరవొచ్చు. "చచ్చాన్రో!" అంటే కెమెరా తిప్పే లెమ్ మరింత హుషారుగా తిప్పుతాడు. లాస్ ఏంజెలెస్‌లో పోలీసు వేషాలేసి నవ్వించే మా దళం బతుకంతా ఆ అరుపుల మీదే నడిచేది. అలాంటి చోటికి ఆన్సెల్ వచ్చిపడ్డాడు.

జన్మంతా నిప్పులార్పే బండి తోలిన మనిషి. గుర్రాలు పోయి మోటార్లొచ్చాక ఆ కొలువు ఊడింది. యాభై దాటాయి, నవ్వడం రాదు, పల్టీ అసలే రాదు. ఆ ఏడుపుమొహం చూసి మా డైరెక్టర్ దుగన్ ముచ్చటపడి టోపీ, లాఠీ చేతికిచ్చాడు.

మొదటి రోజే కొంప ముంచాడు. చెరువులో పడి నేను గిలగిల కొట్టుకుంటుంటే, బూట్లతో సహా దూకి నన్ను గట్టుకీడ్చాడు. నీళ్ళు మోకాళ్ళ లోతు. మర్నాడు కిటికీకి వేలాడుతున్న పిల్లకు నిచ్చెన వేశాడు. దుగన్ చేతిలోని కేకలేసే బాకా విసిరికొట్టాడు.

"ఇంకొక్కళ్ళని కాపాడావంటే ఇంటికి పోతావ్! తెలిసిందా?"

"అరిచారు కదండీ," అన్నాడు ఆన్సెల్.

ఇంటి దగ్గర మంచం పట్టిన భార్య. ఈ పని పోతే ఆ వయసులో ఇంకెవరూ పిలవరు. నాకు జాలీ, చిరాకూ రెండూనూ. పక్కకు లాక్కెళ్ళాను.

"పెద్దాయనా, ఇక్కడ అరుపంటే నటన. నేను గుండెలు బాదుకున్నా సరే, కదలకు. ఒట్టెయ్."

వేశాడు.

ఆ శనివారం ట్రాము పట్టాల మీద పరుగు. ఎవరెంత అరిచినా ఆపొద్దని ట్రాము నడిపేవాడికి ముందే చెప్పి ఉంచాం. ఆఖరి క్షణంలో మేమే తప్పుకుంటాం. నవ్వు కోసం నాకు బారెడు బూట్లు తొడిగి, ఊడకుండా తాళ్ళతో బిగించారు. ఎడమ బూటు పట్టా సందులో ఇరుక్కుంది. లాగాను. రాలేదు.

"ఆపండ్రా! నిజంగానే! కాలు ఇరుక్కుంది!"

"భలే, భలే!" అని దుగన్ గంతులేశాడు. లెమ్ పళ్ళికిలిస్తూ తిప్పుతున్నాడు. ట్రాము గంట కొట్టుకుంటూ వస్తోంది. ఆన్సెల్ నన్ను చూశాడు, దుగన్‌ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఆ ఒట్టు గుర్తొచ్చి నా ప్రాణం అక్కడే సగం పోయింది.

"అమ్మా!" అన్నాను.

ఆన్సెల్ టోపీ తీసి దుగన్ కాళ్ళ దగ్గర పెట్టి, పరుగెత్తుకొచ్చాడు. జేబుకత్తితో తాళ్ళు కోసి, నడుం పట్టి నన్ను పక్కకు విసిరేశాడు. బూటు మాత్రం ట్రాము కింద నుజ్జయింది.

"బొమ్మంతా తగలేశావు, ఫో!" అన్నాడు దుగన్. నుజ్జయిన బూటు నేను తీసుకెళ్ళి చూపిస్తే, ఇంకో జత కుట్టించాలా అని విసుక్కున్నాడు. ఆన్సెల్ వెళ్ళిపోయాడు.

తీరా బొమ్మ ఆడితే జనం ఆ ముక్కకే పడీపడీ నవ్వారు. దుగన్ నాలిక్కరుచుకుని, "ఆ ముసలాణ్ణి పిలుచుకురా," అని నన్నే పంపాడు. ముందుగా ఆన్సెల్‌ని మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్ళాను, సంతోషిస్తాడని.

తెరమీద ట్రాము వస్తోంది. నా నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. హాలంతా గోల. సిగ్గులేకుండా నేనూ నవ్వేశాను. పక్కన ఆన్సెల్ సగం లేచాడు. చీకట్లో తడుముకుని, నా ఎడమకాలు గట్టిగా పట్టుకున్నాడు.