కిటికీ బయటి సీటు

ప్రసూతి సెలవు ముగించుకుని ఆఫీసుకి వచ్చేసరికి నా టేబులు నాలుగో అంతస్తు కిటికీ బయట, గాలిలో ఉంది. కుర్చీ కూడా అక్కడే ఉంది. నేను చెప్పులు విప్పి బయటికి దిగేదాకా మేనేజరు భుజంగరావుగారు కిటికీ రెక్క పట్టుకుని మర్యాదగా నిలబడతారు.

"పసిబిడ్డ తల్లివి కదమ్మా, గాలి బాగా తగులుతుందనీ."

"క్లెయిముల సెక్షను హెడ్డుని నేను. నా ఫైళ్లేవండీ?"

"ఇక్కడ పెడితే ఎగిరిపోవూ? అవి లోపలుంటాయి. నువ్వు రెస్టు తీసుకో."

సెలవులు పోను తొంభై రోజులు ఫైలు ముట్టని మనిషికి ఈ ఆఫీసులో ఉద్యోగం ఉండదు. ఆ రూలు ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసి తెచ్చుకున్న సీటు ఇది. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా కుర్చీ సర్దుకుని కూర్చుంటాను. కింద బందరు రోడ్డు మీద ఆటోలు పోతుంటాయి.

వరసగా కిటికీల బయట ఇంకా ఎనిమిది టేబుళ్లున్నాయి. అందరూ పసిపిల్లల తల్లులే. పక్క టేబులు దగ్గర మస్తాన్‌బీగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆవిడకి ఇవాళ ఎనభై తొమ్మిదో రోజు.

"నిన్నటిదాకా ఇక్కడ పద్మజ కూర్చునేది," అని అవతలి ఖాళీ చూపిస్తారు. "తొంభై నిండినై. టేబులుతో సహా లేదు."

అప్పటికప్పుడు అర్జీ రాస్తాను. బిడ్డని కన్నందుకు మా పని లాక్కోవద్దు, సీట్లు లోపల వెయ్యండి, పద్మజని వెనక్కి పిలవండి. తొమ్మిది మందీ సంతకాలు పెడతాం. భుజంగరావుగారు కిటికీలోంచి అందుకుని, చదివి, మడిచి తిరిగి ఇస్తారు.

"బాగా రాశావమ్మా. కానీ బయటి నుంచి వచ్చినవి తీసుకోకూడదు."

"అయితే లోపలికి రానివ్వండి."

"లోపలికి రావాలంటే అర్జీ పెట్టుకోవాలి."

ఆయన మాటలో తప్పేం లేదు. అదే నాకు అసహ్యం.

మస్తాన్‌బీగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి, బ్యాగులోంచి మెత్తబడ్డ పాత చీర తీస్తారు. పిల్లకి ఉయ్యాల కట్టే చీర. అలాంటిది మా అందరి బ్యాగుల్లోనూ ఉంది. అన్నీ కలిపి ముడేస్తాం, భవనం కిందనుంచి అటూ ఇటూ పోనిస్తాం.

"గట్టిగా పట్టండే! పిల్లల్ని కన్నోళ్లం, ఇదో లెక్కా?" అని కేకేస్తారావిడ.

మూడో గుంజుకి భవనం పునాదులతో సహా లేచి చీరల్లో పడుతుంది. అనుకున్నంత బరువేం లేదు. రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు రెండు వైపులా బళ్లు ఆపేస్తాడు. మేం ఊపుతాం.

"మెల్లగా అమ్మా, మెల్లగా!" లోపల్నుంచి భుజంగరావుగారి గొంతు.

నేను అర్జీ మళ్లీ కిటికీలోకి విసురుతాను. "ఇప్పుడు మీరూ మా చీరల్లో, బయటే ఉన్నారుగా. తీసుకోవచ్చు."

ఆయన మొదటి వాక్యం నుంచి తీరిగ్గా చదవడం మొదలుపెడతారు. ఇంతలో భవనం ఏడుపందుకుంటుంది. పాలకోసం ఏడ్చే ఏడుపే. మా తొమ్మిది మంది బట్టలూ పాలతో ఒక్కసారే తడుస్తాయి. అయినా ఎవరం కదలం.

కింది అంతస్తు షట్టరు దానంతటదే పైకి లేస్తుంది. లోపల ఎర్రటి చిగుళ్లు, తలుపంత పాలపన్ను ఒక్కటి. ఊపుకి పై అంతస్తు నుంచి అక్కడిదాకా జారొచ్చిన భుజంగరావుగారు ఇంకా జారిపోకుండా ఆ పన్నుని ఒక చేత్తో కావలించుకుని, రెండో చేత్తో జేబులో పెన్ను కోసం తడుముకుంటున్నారు.

"ముందు సంతకం," అంటాను. "తర్వాతే పాలు."