జొన్నచేన్లో చిన్న సీడీ

2006 నవంబరు 14, మంగళవారం ఉదయం పది గంటలకు టేకులపల్లిలో పోతయ్య ఫోటో స్టూడియో కంప్యూటరు సంపత్ వేసిన రికవరీ సీడీతో తెరుచుకుంది. నెట్‌వర్క్ కార్డును మాత్రం ఆ సీడీ గుర్తుపట్టలేదు.

పోతయ్య అక్టోబరు 9న జ్వరంతో చనిపోయాడు. అదే పొద్దున కంప్యూటరు ఆగిపోయింది. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్టూడియో తాళంచెవి అతని భార్య హైమ కొంగుకే ఉంది. పెళ్లి ఆల్బం చెదలు తినేశాక, ఊళ్లన్నిటికీ ఫోటోలు తీసిన మనిషిది ఇంట్లో ఒక్క ఫోటో లేదు. "చేన్ల నిలబడి నాది నేనే తీసుకున్న. కంప్యూటర్ల ఎక్కించిన," అని జ్వరంలో చెప్పాడు. హైమకు ఆ ఒక్కటి కావాలి.

సంపత్ కొత్తగూడెంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటోంది, ఎంతోసేపు ఆగదని అతనికి తెలుసు. జూన్‌లో పడ్డ పిడుగుకు యూఎస్‌బీ పోర్టులు, పాత నెట్‌వర్క్ పోర్టు కాలిపోయాయి. పోతయ్య కొత్త కార్డు పెట్టించుకున్నాడు. దానికి కేబులు వేసి ఫోటోలు లాప్‌టాప్‌లోకి లాగాలి. రికవరీ సీడీ సంపత్ పిడుగుకు ముందే చేసిపెట్టినది. కొత్త కార్డును నడిపించే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరు, అందులో లేదు.

"కార్డుతోటి అరచెయ్యంత సీడీ ఇస్తరు వదినె. యాడుంది?"

"చేన్ల కట్టిన."

"చేన్లనా?"

"జొన్న మీద చిలకలు పడుతున్నయ్. దినాలైన తెల్లారి, ఇరవై తారీఖు, కర్ర పాతి కట్టిన. మెరుస్తది గదా."

"చిలకలకు డ్రైవరు ఎక్కించినవన్నట్టు."

"ఒక్క గింజ ముట్టలే," అంది హైమ.

చేను స్టూడియో వెనకే. కర్ర కొసన, హైమ పాత ఎర్రచీర పేలికకు సీడీ వేలాడుతోంది. సంపత్ విప్పి చొక్కాతో తుడిచాడు. మూడోసారికి లాప్‌టాప్ చదివింది. డ్రైవరు ఫైళ్లు చేర్చి కొత్త రికవరీ సీడీ రాసి, స్టూడియో కంప్యూటరులో వేశాడు.

పన్నెండు నలభైకి కార్డు మీద పచ్చలైటు వెలిగింది. లాప్‌టాప్ తెర మీద ఒక పేరు వచ్చింది: పోతయ్య.

హైమ కుర్చీ పట్టుకుంది. "ఉన్నడా?"

"కంప్యూటరు పేరు వదినె. మొదటి సీడీ చేసిన్నాడు అన్ననే పెట్టమన్నడు."

సంపత్ చివరి ఫోల్డరు ముందు లాగాడు. ఒకే ఫోటో, తేదీ అక్టోబరు 5. అది వచ్చిన నిమిషానికి డిస్కు ఆగింది. మళ్లీ తిరగలేదు.

ఫోటోలో పోతయ్య చేన్లో నిలబడి ఉన్నాడు. కుడి భుజం వెనక కర్ర. కర్రకు ఎర్ర పేలిక, పేలికకు అరచెయ్యంత సీడీ.

సంపత్ ఫోటో తేదీ మళ్లీ చూసి, హైమ సీడీ కట్టిన ఇరవై తారీఖు దాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"సీడీ ఉన్న అంచు కత్తిరించి ఇయ్యనా?" అన్నాడు సంపత్.

"వద్దు తమ్మీ. ఉన్నది ఉన్నట్టే ఇయ్యి."

నవంబరు 16న కొత్తగూడెంలో ప్రింటు తీశారు. సీడీ అందులోనూ ఉంది.