ఇద్దరు దిగితే

వైద్యం కోసం పరాయి దేశం తీసుకొచ్చిన మనిషిని శవపేటికలో తిరిగి తీసుకెళ్తున్నారు తల్లీ కూతురూ. ఇద్దరూ విమానంలో కూర్చున్నారు. పేటిక ఇంకా కిందే, ట్రాలీ మీద ఉంది.

బరువుల లెక్క చూసే ఆఫీసరు వచ్చి, వాళ్ళ సీటు దగ్గర వంగి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకండమ్మా. విమానం చిన్నది, దూరమేమో ఎక్కువ. ఎదురుగాలి పెరిగిందని ఇంధనం ఇంకా నింపాల్సొచ్చింది. ఇంత బరువుతో లేవదు. పెట్టెని ఇవాళ ఎక్కించలేం."

"రేపు ఎక్కిస్తారా?" అంది కూతురు.

"రేపూ గాలి ఇలాగే ఉంటుందంటున్నారు. మాటివ్వలేను."

"సామాన్లు దింపొచ్చుగా?"

"దింపగలిగినవి దింపేశాం. ఎవరైనా రేపు వెళ్తారా అని మైకులో అడిగాం కూడా. ఒక్కరూ కదల్లేదు."

తల్లి కిటికీలోంచి ట్రాలీ వంకే చూస్తోంది. "నేను దిగితే ఆయన్ని ఎక్కిస్తారా?"

ఆఫీసరు చేతిలోని కాగితం చూసుకున్నాడు. "మీరొక్కరే అయితే చాలదమ్మా. ఇద్దరు దిగాలి."

కూతురికి ఒళ్ళు మండింది. "నాన్నని ఒక్కడినే పంపుతామా?"

"ఇక్కడ షెడ్డులో ఒక్కడే పడుండటం కంటే నయం. అక్కడ మీ అన్నయ్య ఉన్నాడు," అంటూ తల్లి బెల్టు విప్పుకుంది. "ఎక్కడికి బయల్దేరినా మనకంటే ముందే గుమ్మం దిగి కేకలేసేవారు. ఈసారీ ముందే వెళ్ళనీ. లే."

వాళ్ళు నడుస్తుంటే వెనక ఎవరో "ఇప్పటికైనా కదుల్తుందా" అని గొణిగారు. కూతురు ఆగింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

మర్నాడు గాలి తగ్గలేదు, సీట్లు దొరకలేదు. ఆ తర్వాత దొరికాయి గానీ, వాళ్ళు చేరేసరికి అంతా అయిపోయింది. విమానాశ్రయం బయట కొడుకు తలెత్తలేకపోయాడు.

"ఇంక ఉంచకూడదన్నారమ్మా పెద్దవాళ్ళు. ఎంత బతిమాలినా వినలేదు."

"నిన్నెవరన్నా ఏమన్నారా?" అంది తల్లి. కారులో కొడుకు పక్కన కూర్చుంది. కూతురు అద్దానికి తల ఆన్చి ఏడుస్తోంది.

"మొహం చూశావా?" అని కొడుకుని అడిగింది తల్లి.

"చూశాను. చొక్కా గుండీలు మెడదాకా పెట్టేశారు. పైది తీసేశాను."

"మంచి పని చేశావు," అంది తల్లి. "ఆయనకి ఊపిరాడదు అలా ఉంటే."