పచ్చి నేలవేము

కంభంలో పుల్లారావు దుకాణం ముందు మగ్దలీనమ్మ ఎండు నేలవేము మూటలు దించింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"వెనక్కి తీసకపో అమ్మా. కంపెనీవాళ్లు ఆకు కొనేది ఆపేసినారు."

"ఏంది శెట్టిగారూ! ఎంతుంటే అంత తెమ్మంటివి. చేలో పంటంతా అట్లనే నిలబడుండాది."

"అప్పటి మాట వేరు. ఆకులో మందు తయారుచేసే ఎంజైము ఉంటదంట. దాన్ని బ్యాక్టీరియాలో పెట్టినారు. ఏదో చౌక సరుకు పోస్తే ఆ పురుగులే దాన్ని మందుగా మార్చిస్తాయంట. ఇంక నీ చేనుతో ఏం పని?" పుల్లారావు నవ్వాడు. "చేసింది ఎవరో కాదులే, ల్యాబులో పనిచేసే మీ మేనకోడలు ప్రేమకుమారే. స్వీట్లు పంచుకో."

మగ్దలీనమ్మకు నవ్వు రాలేదు. వాళ్ల పల్లెలో నేలవేము ఎండబెట్టే అమ్ముతారు. పచ్చి మొక్క ఊరి పొలిమేర దాటదు. కామెర్లు వచ్చినవాళ్లకు మాత్రం వేళ్లతో సహా పెరికి ఊరికే ఇస్తారు, రోగం సంగతి గుచ్చి గుచ్చి అడగరు. పోయిన వానాకాలం ప్రేమకుమారి ఏడ్చుకుంటూ వచ్చింది. "అమ్మ కండ్లు పచ్చబడినాయత్తా. ఫోన్లో అడగొద్దు, దిగులు పడతది" అంది. మొక్కలను తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది తనే.

మూటలు దుకాణం పక్కన పెట్టి మార్కాపురం బస్సెక్కింది.

తమ్ముడి ఇంట్లో మరదలు కోటమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"కామెర్లు తగ్గినాక పథ్యం బాగా చేస్తివా కోటమ్మా?"

"నాకు కామెర్లేంది వదినా! ఎవురు చెప్పినారు?" కోటమ్మ పకపకా నవ్వింది.

లోపలి గదిలోంచి ప్రేమకుమారి వచ్చి నిలబడింది. దాచి లాభం లేదని ఆమెకు అర్థమైనట్టుంది.

"ఎండు ఆకులో నాకు కావలసింది దొరకదత్తా. పచ్చిది అడిగితే మీరు ఇస్తారా?"

"అడిగి చూడకపోతివే! తిట్టేదాన్ని, తిట్టి ఇచ్చేదాన్నేమో. చేను పోతే పోనీ, కందులు చల్లుకుంటా. మీ అమ్మ బతకాలని మా చర్చి గుడిలో అందరం ఉపవాసముంటిమి గదే. తగ్గిందని నువ్వు ఫోను చేస్తే, ప్రార్థన ఫలించిందని లేచి నిలబడి దేవుని ముందర సాక్ష్యం చెప్తిని. ఆదివారం గుడికి రా. అబద్ధం నీదని నీ నోటితోనే చెప్పు."

ప్రేమకుమారి తల్లివైపు చూసింది.

కోటమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఈనె తీసిన కాయనే మళ్లీ గిల్లుతూ, తల ఎత్తకుండా అంది. "కండ్లు కొంచెం పచ్చబడినాయేమోలే వదినా. నేనే మర్చిపోయినా. కూర్చో, అన్నం తిందువు."

మగ్దలీనమ్మ వంగి ఆమె కళ్లలోకి చూడబోయింది. కోటమ్మ చిక్కుళ్ల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.